ఎరుపు పెట్టే ముందు

మొన్న మడికొండ నుంచి ముగ్గురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. పిల్లలంటే మరీ పిల్లలు కారు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. నా వయసుకు అందరూ పిల్లల్లాగే కనిపిస్తారు. కంప్యూటర్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తారట. వాళ్ళ కొత్త ఆటలో ఒక కత్తివీరుడు ఉంటాడు, ఎదురొచ్చిన వాణ్ణల్లా నరుకుతూ పోతాడు. ఒకప్పుడు నేను సినిమా బ్యానర్లు గీసేవాణ్ణని ఎవరో చెప్పారట. ఆట మొదట్లో కనిపించే బొమ్మను ఆ పాత పద్ధతిలో చేత్తో గీసిపెట్టమని అడగడానికి వచ్చారు. సరే అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చాయ్ తాగుతూ నా ముందే కొట్లాట మొదలుపెట్టారు.

"నెత్తురు జర తగ్గించుండ్రని నెల సంది మొత్తుకుంటాన్న. పేరెంట్స్ గొడవ చేస్తాండ్లు," అంది అమ్మాయి.

"ఎందుకు తగ్గించాలె? మన ఆట, మన ఇష్టం. క్రియేటివ్ ఫ్రీడమ్ అంటే గదే గదా," అన్నాడు ఒకడు. రెండోవాడు ఫోనులోంచి తల ఎత్తలేదు. ఏ తగువులోనైనా అలాంటివాడు ఒకడుంటాడు.

చివరికి అమ్మాయి నా వైపు తిరిగింది. "తాతా, మీ టైమ్‌ల గిట్ల ఎవరన్న అడ్డం పడ్డరా?"

పడ్డారు తల్లీ. ఈ తగువు నా చెవులకు కొత్త కాదు. సినిమా మీద విన్నాను, వీడియో క్యాసెట్ల మీద విన్నాను, టీవీ మీద విన్నాను, ఇప్పుడు మీ ఆటల మీద వింటున్నాను. మాటలు అవే, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మారతారు. నిజం చెప్పాలంటే విని విని విసుగొచ్చింది. అయినా అడిగారు కనుక చెబుతాను. ఆ రోజు వాళ్ళకు క్లుప్తంగా చెప్పాను, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా కార్ఖానా కొత్తవాడలో ఉండేది. అంతకుముందు అది జంపఖానాలు నేసే షెడ్డు. మగ్గాలు తీసేసినా గోడలకు నూలు పీచు అంటుకునే ఉండేది, తడి రంగు మీద పడి మా ప్రాణం తీసేది. నేను కూడా జంపఖానాల ఇంట్లో పుట్టినవాణ్ణే. మా నాయన గళ్ళ కాగితం మీద పువ్వు గీసుకుని దాన్ని మగ్గం మీదికి ఎక్కించేవాడు. బ్యానర్ పని కూడా అలాంటిదే. చిన్న ఫొటో మీద గళ్ళు కొట్టాలి, మొరటు గుడ్డ మీద పెద్ద గళ్ళు కొట్టాలి, ఒక్కో గడినీ పెంచుకుంటూ పోవాలి. అందుకే పని తొందరగా పట్టుబడింది. పని పట్టుబడ్డంత తొందరగా డబ్బు చేతికి రాలేదనుకోండి, అది వేరే కథ.

మా పెద్దాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. సన్నటి మనిషి, ఎప్పుడూ లుంగీ, చెవి వెనక బ్రష్షు, నోట్లో తిట్టు. ముక్కు వంకరగా గీస్తే, "నీ అత్తగారింట్ల ఎవలకన్న గిసొంటి ముక్కున్నదారా?" అనేవాడు. తిట్టిన నోటితోనే మధ్యాహ్నం తన సద్దిలోంచి తీసి మాకు పెట్టేవాడు. ఆయనకు ఒక ఆచారం ఉండేది. మేం ఏ బొమ్మ గీసినా, అందులో నెత్తురు ఉంటే ఆ ఎరుపు మాత్రం షెడ్డులో పెట్టనిచ్చేవాడు కాదు. అన్నం తినే చోట నెత్తురు పుట్టించగూడదనేవాడు. బ్యానర్ థియేటర్ దగ్గరికి చేరి, వెదురు కట్టెలకు కట్టి నిలబెట్టాక, శుక్రవారం పొద్దున మొదటి ఆటకు ముందు తానే నిచ్చెన ఎక్కి ఎరుపు పెట్టేవాడు. ఆ బ్రష్షు ఇంకెవరూ ముట్టుకోకూడదు. దిగాక సబ్బుతో చేతులు కడుక్కుని, రోడ్డు అవతల చాయ్ బండి దగ్గరికి వెళ్ళి చాయ్ తాగేవాడు.

ఊళ్ళో జనానికి ఇదొక తమాషా అయిపోయింది. ఎరుపు పెట్టడం చూడ్డానికే పోగయ్యేవాళ్ళు. రిక్షావాళ్ళు రిక్షాలు ఆపేవాళ్ళు. ఉస్తాద్ గాయం మీద మొదటి గీత గీయగానే ఈలలు. ఆయన మాత్రం ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఎండలో మాడుతూ నిచ్చెన పట్టుకున్న మాకు ఆ ఈలలు వింటే భలే గర్వంగా ఉండేది.

ఎనభైల మొదట్లో ఒక గొడ్డలి సినిమా వచ్చింది. పేరెందుకు లెండి. హీరో అందులో తన వాళ్ళను చంపినవాళ్ళను ఒక్కొక్కణ్ణి గొడ్డలితో నరుకుతాడు. థియేటర్ సేటు వచ్చి, "ఉస్తాద్, ప్రహరీ గోడ మీద పొడుగూత బ్యానర్ కావాలె. రోడ్డుమీద పోయెటోడు ఆగాలె," అన్నాడు. గీశాం. గొడ్డలి ఎత్తిన మనిషి, కింద మోకాళ్ళ మీద పడ్డ మనిషి. శుక్రవారం పొద్దున ఉస్తాద్ ఎక్కి ఎరుపు పెట్టాడు. ఆయన అంత బాగా పెట్టడం అంతకుముందు నేను చూడలేదు. గొడ్డలి అంచు నుంచి కారి, మోచేతి దగ్గర ఆగి, అక్కడినుంచి చుక్కలు. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. ఈలలకు థియేటర్ గేటు దద్దరిల్లింది.

నాలుగు రోజులకే గొడవ మొదలైంది. ఆ వీధిలోని బడి పెద్దసారు ముందు వచ్చాడు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడ్డం కూడా రాదు. బడిలో పిల్లలు స్కేళ్ళు పట్టుకుని గొడ్డలి ఆట ఆడుతున్నారట, ఒకడి కణత పగిలి కుట్లు పడ్డాయట. "సినిమా ఆపుమంటలేను నేను. టికెట్ కొన్నోడు చూసుకుంటడు. రోడ్డు మీద ఎందుకయ్యా?" అన్నాడు. ఆయనకు ఎదురుగా కాలేజీ లెక్చరర్ ఒకాయన నిలబడ్డాడు. "ఇవ్వాళ బొమ్మ చెరిపేయమంటరు, రేపు పాట ఆపుమంటరు, ఎల్లుండి పుస్తకం కాలవెడ్తరు," అని ఆయన వాదన. ఇద్దరూ రోజూ సాయంత్రం చాయ్ బండి దగ్గరే తగులుకునేవాళ్ళు. చుట్టూ చెరో పక్షం. పెద్దసారు పక్షానికి దుకాణాలవాళ్ళు, లెక్చరర్ పక్షానికి కాలేజీ కుర్రాళ్ళు. ఉస్తాద్ మధ్యలో కూర్చుని సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ వినేవాడు.

"మీరైనా చెప్పుండ్రి, కళాకారుడు మీరు," అని లెక్చరర్ ఒకసారి ఆయన్ని లాగాడు.

"కళ అని నేనెన్నడన్న అన్ననా సారూ? గోడ నిండుగ గీయుమన్నరు, గీసిన. గని నేను గీసినదాన్ని ఇంకొకడు చెరిపేస్తే ఊకోను," అన్నాడు ఉస్తాద్.

ఈ వాదనలన్నిటికీ చాయ్ అందించింది మాత్రం ఒకే మనిషి. ఆమెను మేం చాయ్ అక్క అనేవాళ్ళం. నర్సంపేట వైపు పల్లె నుంచి వచ్చి, థియేటర్ ఎదురుగా బండి పెట్టుకుంది. ఎక్కువ మాట్లాడదు. ఎవరికి చక్కెర ఎక్కువ, ఎవరికి తక్కువ అని అడగకుండానే పోసేది. ఉస్తాద్‌ను అన్నా అనేది, ఆయన చెల్లె అనేవాడు.

గొడవ పోలీస్ స్టేషన్ దాకా పోయింది. సర్కిల్ సాబ్ సేటును పిలిపించి నెత్తురు కనబడకుండా చేయమన్నాడు. సేటు వచ్చి ఉస్తాద్‌తో చెప్పాడు. ఉస్తాద్ ససేమిరా అన్నాడు. ఆ మర్నాడు ఆయన వేరే ఊళ్ళో పని చూడ్డానికి వెళ్ళాడు. అదే అదనని సేటు మా సీనియర్‌ను పిలిపించాడు. సీనియర్ అంటే ఉస్తాద్ తర్వాత అంతవాడు. చెయ్యి మంచిది, బుర్ర తొందర. తెల్ల నూనె రంగు అయితే ఆరడానికి రోజులు పడుతుందని, గోడలకు కొట్టే డిస్టెంపర్ తీసుకున్నాడు. ఒట్టి తెలుపు కొడితే హీరో చెయ్యి మీద బొల్లి మచ్చలాగా ఉంటుంది కదా, పనిమంతుడి ప్రాణం ఒప్పుకోలేదు. ఒంటిరంగు రావాలని అందులో జాజు కలిపాడు. వాకిళ్ళకు, అరుగులకు పూసే ఆ ఎర్రమట్టే. కొట్టాడు. దూరం నుంచి చూస్తే నెత్తురు జాడే లేదు. సేటు భుజం తట్టాడు.

ఆ రాత్రి ముసురు పట్టింది, తెల్లారేసరికి జోరువాన. నూనె రంగు మీద డిస్టెంపర్ నిలుస్తుందా? మొత్తం కరిగింది. కరిగి ఊరుకుందా? జాజు నీళ్ళు ఎర్రగా గొడ్డలి మీంచి, హీరో చెయ్యి మీంచి, పడ్డవాడి వీపు మీంచి, ప్రహరీ గోడ మీదుగా మోరీలో పడ్డాయి. పైన ఉస్తాద్ పెట్టిన ఎరుపు కడిగినట్టు మెరుస్తోంది. కింద గోడంతా నెత్తురు. రోడ్డు మీద వందలమంది గొడుగులు పట్టుకుని చూస్తున్నారు. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. మొదటి ఆటకు నిలబడ్డానికి చోటు లేదు. బొమ్మలోంచి నెత్తురు కారుతోందని హన్మకొండ నుంచి జనం వచ్చారంటే నమ్మండి.

మా సీనియర్ గొడుగు కింద నిలబడి, "జాజు గిట్ల చేస్తదని నాకేమెర్క?" అని గొణుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

సర్కిల్ సాబ్ దీన్ని వెటకారం అనుకున్నాడు. కావాలనే చేశామనుకున్నాడు. జీపు దిగి సేటును అందరి ముందూ దులిపేశాడు. సేటు నేరుగా మా షెడ్డుకు వచ్చాడు, మొహం కందిపోయి ఉంది. ఉస్తాద్ అప్పుడే ఊరి నుంచి తిరిగొచ్చాడు. "ఉస్తాద్, సాయంత్రం ఆట లోపట నువ్వే ఎక్కాలె. అందరు చూస్తాంటె నీ చేతులతోటి తెల్లరంగు కొట్టాలె. గది సర్కిల్ సాబ్ మాట. కొట్టకపోతివా, ఇగ నా థియేటర్ల నీ బ్యానర్ ఉండదు. అచ్చు పోస్టర్లు తెప్పిచ్చుకుంటా," అన్నాడు. ఆ సేటుకు ఊళ్ళో మరో రెండు థియేటర్లలో వాటా ఉండేది. అంటే మా షెడ్డు మూతపడ్డట్టే.

సేటు పోయాడు. నాకు అప్పటికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. నేనే నోరు తెరిచాను. "ఉస్తాద్, ఒక్క డబ్బ రంగే గదా. కొట్టేద్దాం. అందరి పొట్టల సంగతి."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "తమ్మీ, పెట్టేటప్పుడు ఈలలేసినోళ్ళు గా రోడ్డు మీదనే ఉంటరు. ఆళ్ళ ముంగటనే తుడవాల్నట. నేను ఏం దొంగతనం చేసిన్రా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అయినా బయల్దేరాడు. మధ్యాహ్నానికి వాన తగ్గింది. తెల్ల నూనె రంగు డబ్బా, వెడల్పు బ్రష్షు తనే పట్టుకున్నాడు. థియేటర్ ముందు శుక్రవారం కంటే ఎక్కువ జనం. పెద్దసారు ఉన్నాడు, లెక్చరర్ ఉన్నాడు, జీపులో సర్కిల్ సాబ్. నేనూ సీనియర్ నిచ్చెన పట్టుకున్నాం. ఉస్తాద్ ఎక్కాడు. డబ్బా కొక్కేనికి తగిలించాడు. బ్రష్షు తీశాడు. "వద్దు" అని ఒక గుంపు, "కొట్టు" అని ఒక గుంపు. ఆ రోజు ఆయన తన అలవాటు తప్పాడు. వెనక్కి తిరిగి జనం వైపు చూశాడు.

చూస్తూ అట్లాగే ఉండిపోయాడు. కొడతాడో లేదో అని కింద మాకు కాళ్ళు పీకుతున్నాయి. అప్పుడు డబ్బా మూత తీయకుండానే, దాన్ని పట్టుకుని దిగాడు. దిగి, జనాన్ని తోసుకుంటూ రోడ్డు దాటి చాయ్ బండి దగ్గరికి వెళ్ళాడు. ఆయనకేమన్నా అయిందేమోనని నేను వెనకే పరుగెత్తాను.

"చెల్లె, బండి గిట్లెందుకు తిప్పినవ్?" అన్నాడు.

అప్పుడు చూశాను. బండి ఎప్పుడూ థియేటర్ వైపు మొహం పెట్టి ఉండేది. గిరాకీ అంతా అటునుంచే కదా. ఇప్పుడు పొయ్యి వెనక దుకాణం గోడ వైపు ఉంది. చాయ్ అక్క రోడ్డుకు వీపు పెట్టి, గోడను చూస్తూ చాయ్ కాస్తోంది. చాయ్ కావాలంటే బండి చుట్టూ తిరిగి ఇరుకు సందులోకి వెళ్ళాలి. మేమంతా ఇన్ని రోజులుగా అట్లా తిరిగి వెళ్ళి తాగుతూనే ఉన్నాం, వాదించుకుంటూనే ఉన్నాం. ఒక్కడూ అడగలేదు.

"నువ్వు ఎరుపు పెట్టిన నాటి సంది అన్నా," అంది ఆమె, గిన్నె దించుతూ.

"ఎందుకు?"

ఆమె చాయ్ వడగట్టింది. "మా తమ్మున్ని గట్లనే కొట్టిండ్లు. పొలం గట్టు కాడ పంచాది. గొడ్డలితోటి. నేనే పోయి ఎత్తుకున్న. ఊళ్ళె ఉండబుద్ధి కాకనే ఇటు వచ్చిన."

ఉస్తాద్ చేతిలో బ్రష్షు ఇంకా అట్లాగే ఉంది. "గీ మాట నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె అన్నా? నీ పని నీది. బొమ్మ చూడనీకె జనం వస్తాండ్లు, నా చాయ్ గుడ పోతాంది. చెరుపుమని నేనన్ననా? నాకు కండ్లవడకుంటె సాలు. అందుకే తిప్పుకున్న."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వాన పడితే బండి మీద పరదా కప్పుకున్నట్టు, అంతే మామూలుగా చెప్పింది. నాకు మాత్రం అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది. పిల్లలు చెడిపోతారని పెద్దసారు అన్నాడు, కళ పోతుందని లెక్చరర్ అన్నాడు, కడుపు మాడుతుందని నేనన్నాను. మా అందరి మధ్య నిలబడి చాయ్ పోసిన మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఉస్తాద్ డబ్బాను బండి కింద పెట్టాడు. తిరిగి వచ్చి మాతో అన్న మాట ఒకటే. "కట్లు ఇప్పుండ్రి."

"చింపేస్తవా ఏంది?" అని సీనియర్ బెదిరిపోయాడు.

"తిప్పుతాన్నం."

అంత పెద్ద బ్యానర్, వానకు నాని రాయిలాగా బరువెక్కింది. మా చేతులు చాల్లేదు. రిక్షావాళ్ళు వచ్చి చెయ్యేశారు, ఈలలేసిన కుర్రాళ్ళూ వేశారు. తాళ్ళు విప్పి, చట్రంతో సహా దించి, గోడ మీదే మళ్ళీ నిలబెట్టాం. ఈసారి బొమ్మ మొహం థియేటర్ ఆవరణలోకి, వీపు రోడ్డు మీదికి. రోడ్డు మీద ఇప్పుడు ఉన్నది ఒట్టి మొరటు గుడ్డ, కుట్లు, మేకులు. ఒక్క చుక్క ఎరుపు చెరపలేదు.

సర్కిల్ సాబ్ జీపు దిగాడు. "ఇదేం నాటకమయ్యా?"

"సాబ్, రోడ్డు మీద నెత్తురు లేదు. టికెట్ కొన్నోనికి లోపట ఉన్నది. నేను చెరుపలే, మీకు కనవడ్తలేదు. ఇగ మీ ఇష్టం," అన్నాడు ఉస్తాద్.

సర్కిల్ సాబ్ గోడను కిందికీ మీదికీ చూశాడు. "గోడ మీది ఆ జాజు మరకలు కడిగించండి," అని జీపెక్కాడు. పెద్దసారు వచ్చి ఉస్తాద్ చేయి పట్టుకున్నాడు. లెక్చరర్ మాత్రం, "లొంగిపోయినవ్ ఉస్తాద్," అని మొహం తిప్పుకున్నాడు. ఉస్తాద్ ఎవరికీ కారణం చెప్పలేదు. నన్నూ చెప్పొద్దన్నాడు. ఆమె పేరు తగువులోకి రాగూడదని. మేం చేతులు కడుక్కుని రోడ్డు దాటేసరికి చాయ్ అక్క బండిని మళ్ళీ థియేటర్ వైపు తిప్పుకుంటోంది.

ఇక్కడితో అందరూ సుఖంగా ఉన్నారని రాస్తే మీకు బాగుంటుంది, కానీ అట్లా జరగలేదు. "నేను పైసలిచ్చేది రోడ్డు కొరకు, నా ఆవరణ గోడ కొరకు కాదు," అని సేటు అన్నంత పనీ చేశాడు. రోడ్డు మీదికి అచ్చు పోస్టర్లు వచ్చాయి. లోపలికి ఒకటో రెండో చిన్న బ్యానర్లు మాకు మిగిలాయి. సీనియర్ లారీల మీద పూలు, పేర్లు రాయడానికి పోయాడు. నేను బడి గోడల మీద అక్షరాలు రాయడానికి కుదిరాను, ఆ పెద్దసారే పెట్టించాడు. అచ్చు పోస్టర్ల మీద నెత్తురు అచ్చులోనే వచ్చేది. మా ఉస్తాద్ పెట్టినదానికి రెట్టింపు ఉండేది. దాని మీద ఎవరూ తగువు పడలేదు. అడగాలన్నా ఎవరిని అడుగుతారు, పెట్టినవాడు ఎక్కడున్నాడో తెలిస్తే కదా.

కానీ ఉస్తాద్ శుక్రవారాలు మానలేదు. పని ఉన్నా లేకున్నా పొద్దున్నే కొత్తవాడ నుంచి నడుచుకుంటూ థియేటర్ దాకా వచ్చేవాడు. కొత్త పోస్టర్ అంటించకముందే చూసి, రోడ్డు దాటి వెళ్ళేవాడు. "చెల్లె, ఈ వారం ఎరుపున్నది," అనేవాడు. ఆమె బండి తిప్పుకునేది. లేకపోతే, "ఈ వారం ఫికర్ లేదు. పెండ్లి సినిమా," అనేవాడు. ఆమె నవ్వి చాయ్ పోసేది. అవేవీ ఆయన గీసినవి కావు. ఆయన పెట్టిన నెత్తురు కాదు. అయినా వచ్చి చెప్పేవాడు. కాళ్ళు సాగినన్నాళ్ళూ చెప్పాడు. నేను నా పనిలో చాలామంది పనివాళ్ళను చూశాను, ఆయనంత పెద్దవాణ్ణి మాత్రం చూడలేదు.

ఇదీ నేను మడికొండ పిల్లలకు చెప్పిన సంగతి. వాదించిన అబ్బాయి ఫోను తీసి, "మా ఆటల కూడ ఉన్నది తాతా. నెత్తురు వద్దనుకుంటె బంద్ చేసే బటన్," అని చూపించడం మొదలుపెట్టాడు. ఒక పేజీ తెరిచాడు, లోపల ఇంకో పేజీ, దాని లోపల ఇంకోటి. చివరికి అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది ఆ బటన్. నా కళ్ళద్దాలతో కూడా సరిగ్గా కనిపించలేదు.

"ఇది ఇక్కడుంటే ఎవరికి తెలుస్తుంది బిడ్డా? మొదటి దెబ్బ పడ్డాక వెతుక్కోవాలా?" అన్నాను.

అమ్మాయి వాడి వైపు చూసింది. వాడు తల గోక్కున్నాడు. "మొదట్లనే పెడ్తం తాతా. ఆట షురూ కాకముందే అడుగుతం," అన్నాడు. పెట్టారో లేదో నాకు తెలియదు. ఈ వయసులో వెంటపడే ఓపిక లేదు.

బొమ్మ మాత్రం గీసిచ్చాను. గళ్ళు కొట్టి, పాత పద్ధతిలోనే. కత్తివీరుడు బాగా వచ్చాడు, ముక్కు కూడా వంకర లేదు. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు అమ్మాయి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "కత్తికి నెత్తురు పెట్టలేదేంది తాతా, మరిచిపోయినవా?" అంది.

"మరిచిపోలేదమ్మా. మా ఇంట్లో అన్నం తింటాం. దాన్ని మీరే పెట్టుకోండి. పెట్టే ముందు మాత్రం ఒకసారి రోడ్డు దాటి వెళ్ళి చెప్పి రండి," అన్నాను.